రూపాయి వడ్డీ అసలు ఎంత? ఫ్రీ42 సాల్వర్‌తో లెక్క

పలాసలో జీడి బట్టీకి మెషిన్ కొనాలి. అప్పు 2,00,000. నూటికి నెలకి రూపాయి వడ్డీ, 24 కిస్తీలు. వడ్డీ 48,000 కలిపి 24తో భాగిస్తే కిస్తీ 10,333.33. ప్రతి నెలా అసలు తరుగుతున్నా వడ్డీ మాత్రం మొత్తం రెండు లక్షల మీదే పడుతుంది. నిజమైన రేటు ఎంతో సూత్రంతో నేరుగా రాదు, వెతకాలి. ఆ వెతుకులాటకే 1988 నాటి హెచ్‌పీ-42ఎస్ కాల్క్యులేటర్‌లో సాల్వర్ (తెలియని విలువను వెతికే సాధనం) పెట్టారు. దాన్ని ఫోన్‌లో, కంప్యూటర్‌లో ఉచితంగా ఇచ్చేది ఫ్రీ42.

ముందు మీ చేతిలో ఉన్నది ఏదో తేల్చుకోండి. 1 ఎంటర్ 3 ÷ 3 × 1 − నొక్కండి. సున్నా వస్తే బైనరీ వెర్షన్. −1ఈ−34 వస్తే డెసిమల్ వెర్షన్, 34 అంకెలతో లెక్కిస్తుంది. −1ఈ−12 వస్తే అది ఫ్రీ42 కాదు, పాత కాల్క్యులేటర్ రోమ్‌నే (లోపలి సాఫ్ట్‌వేర్‌నే) నడిపే ఎమ్యులేటర్, అసలు మెషిన్‌లాగే 12 అంకెలు. ఈ పనికి ఏదైనా చాలు, నన్నడిగితే డెసిమల్.

ఇక ప్రోగ్రామ్. లేబుల్ "ఈఎంఐ" పెట్టి, పీ (అప్పు), ఈ (కిస్తీ), ఎన్ (నెలలు), ఐ (నెల రేటు) నాలుగింటికీ ఎంవార్ లైన్లు (సాల్వర్ మెనూలో కనబడాల్సిన విలువల పేర్లు) రాయండి. ఎంవార్ మర్చిపోతే సాల్వర్ మెనూలో ప్రోగ్రామ్ పేరే కనబడదు. ఆ తర్వాత వరసగా (ఆర్‌సీఎల్ అంటే దాచిన విలువని తెచ్చే ఆజ్ఞ):

1, ఆర్‌సీఎల్ ఐ, 1, +, ఆర్‌సీఎల్ ఎన్, +/−, వై^ఎక్స్, −, ఆర్‌సీఎల్ ఈ, ×, ఆర్‌సీఎల్ ఐ, ÷, ఆర్‌సీఎల్ పీ, −

చివర్లో ఐతో భాగించడం ఎందుకని కొందరు పీ×ఐ రూపంలో రాస్తారు. అక్కడే బోల్తా. ఆ రూపంలో ఐ = 0 కూడా సమాధానమే. మొదటి అంచనా 0 ఇచ్చారో, సాల్వర్ 0 చూపించి ఊరుకుంటుంది. లెక్క తప్పు కాదు, మనకి పనికిరాదంతే.

షిఫ్ట్‌తో సాల్వర్ తెరిచి ఈఎంఐ ఎంచుకోండి. 200000 పీ, 10333.33 ఈ, 24 ఎన్. ఐకి రెండు అంచనాలు ఇవ్వాలి: 0.01 ఐ, 0.03 ఐ. మళ్లీ ఒక్కసారి ఐ నొక్కితే వెతకడం మొదలు. 0.01 దగ్గర ఫలితం సుమారు +19,515, 0.03 దగ్గర సుమారు −25,000. గుర్తులు ఎదురెదురుగా ఉన్నాయంటే సమాధానం ఆ రెంటి మధ్యే ఉంది, ఇక తప్పించుకోలేదు.

శాతం అనుకుని 1, 3 కొడితే? ఐ = 1 అంటే నెలకి నూరు శాతం. రెండు చోట్లా ఫలితం రుణాత్మకమే. ఆ రెండు బిందువుల మీదుగా గీత గీస్తే అది సున్నాని −54 దగ్గర తాకుతుంది. అక్కణ్ణుంచి సాల్వర్ ఎటు పోతుందో చెప్పలేం.

సరిగ్గా చేస్తే 0.017976 వస్తుంది. అంటే రూపాయి వడ్డీ కాదు, నూటికి దగ్గర దగ్గర రూపాయి ఎనభై పైసలు. 12తో గుణిస్తే ఏడాదికి 21.57 శాతం.

వెంటనే నమ్మేయకండి. కింది బాణం ఉన్న ఆర్ మీట మూడుసార్లు నొక్కితే టీ రిజిస్టర్‌లోని (నాలుగు విలువల స్టాక్‌లో అన్నిటికంటే పై అర) కోడ్ కనిపిస్తుంది. 0 అయితే నిజమైన సమాధానం. 1 అయితే గుర్తు మారిందే గానీ సున్నా దొరకలేదు. 2 అయితే శిఖరమో లోయో తగిలింది. 3 అయితే అంచనాలు బాగోలేవు, మార్చండి.

రోజువారీ వసూలు ఫైనాన్స్ లెక్కల్లో ఐ మరీ చిన్నది. 12 అంకెల మెషిన్‌లో 1 కలపగానే ఐ తోక అంకెలు రాలిపోతాయి. అప్పుడు మొదటి ఎనిమిది అడుగులు తీసేసి ఇవి పెట్టండి: ఆర్‌సీఎల్ ఐ, ఎల్‌ఎన్1+ఎక్స్, ఆర్‌సీఎల్ ఎన్, ×, +/−, ఈ^ఎక్స్−1, +/−. ఎల్‌ఎన్1+ఎక్స్, ఈ^ఎక్స్−1 రెండూ కేటలాగ్‌లోని ఫంక్షన్ల జాబితాలో దొరుకుతాయి.