టీయూ-142 కింద ఇంటర్ పిల్లలతో ఒక పూట: వర్క్‌షాప్ ఎలా నడపాలి

విశాఖ బీచ్ రోడ్డులో ఉన్న టీయూ-142 విమానం మ్యూజియానికి పిల్లల్ని తీసుకొచ్చే కాలేజీలు చాలానే ఉన్నాయి. బస్సు దిగుతారు, లైన్లో లోపలికెళ్తారు, ఫోటోలు దిగుతారు, మురీ మిక్చర్ తిని మళ్లీ బస్సెక్కుతారు. ఐదో తరగతి వాళ్లకైతే అది చాలు. ఇంటర్, పాలిటెక్నిక్ పిల్లలకు త్రికోణమితి వచ్చు, వెక్టర్లు వచ్చు, పీడనం లెక్కలు వచ్చు. అవి వాడుకునే చోటే పరీక్ష హాలు తప్ప ఇంకోటి దొరకదు. నేను ఫిజిక్స్ చెప్తాను. మా ఎంపీసీ పిల్లలకు అక్కడ నేను పెట్టే షరతు ఒకటే: ప్రతి జట్టూ ఒక అంకెతో బయటికి రావాలి, అందులో తేడా ఎంత ఉండొచ్చో కూడా చెప్పాలి.

ముందు విమానం గురించి పిల్లలకు క్లాసులోనే చెప్పేయండి, అక్కడ గాలికి మీ గొంతు వినపడదు. టీయూ-142 సోవియట్ తయారీ. సముద్రంలో జలాంతర్గాముల్ని వెతకడానికి మన నౌకాదళం 1988లో వీటిని తెచ్చుకుంది, మొత్తం 8. మొదట గోవాలో, తర్వాత తమిళనాడులోని అరక్కోణంలో ఉండేవి. 2017 మార్చిలో సర్వీసు నుంచి తప్పించారు. అదే ఏడాది డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఈ మ్యూజియాన్ని ప్రారంభించారు. రోడ్డుకు అవతల ఇసుక మీద ఐఎన్ఎస్ కురుసుర జలాంతర్గామి ఉంది. వేటగాడూ వేటా ఇలా ఎదురెదురుగా ఉన్న చోటు దొరకడం మన అదృష్టం. రెండింటినీ కలిపే వర్క్‌షాప్ పెట్టుకోండి, ఒక్కటి చూపించి వెనక్కి తిరగొద్దు.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. అందులోనూ డిసెంబరు మొదటి వారం వద్దు. నేవీ డే విన్యాసాలు, వాటి రిహార్సల్స్ ఉంటే బీచ్ రోడ్డులో బస్సు నిలపడానికి కూడా చోటుండదు. వేళలు, సెలవు రోజు ముందే కనుక్కోండి. కాలేజీ లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం రాసి, పిల్లలు టేపు, ప్రొట్రాక్టర్ పట్టుకుని కొలతలు తీసుకుంటారని అందులో స్పష్టంగా చెప్పండి. చెప్పకుండా వెళ్లి టేపు బయటికి తీస్తే గార్డు వచ్చి అడుగుతాడు, అడగడం అతని డ్యూటీ.

క్లాసంతా ఒకేసారి విమానంలోకి ఎక్కితే ఎవరికీ ఏమీ కనపడదు, లోపల దారి ఇరుకు. మూడు జట్లు చేసి ఒకటి విమానం దగ్గర, ఒకటి సబ్‌మెరైన్‌లో, ఒకటి ఇసుకలో ఉండేలా చూడండి. ఒక్కో జట్టుకు ఒక పెద్ద మనిషి తప్పనిసరి. దిగగానే కాసేపు సెల్ఫీలకు వదిలేయండి. ఆ సరదా తీరకపోతే చెయ్యి కొలత మీద ఉన్నా మనసు ఫోన్లోనే ఉంటుంది.

మొదటి పని తోక ఎత్తు కనుక్కోవడం. ప్రొట్రాక్టర్ మధ్యలో దారం కట్టి, చివర ఒక నట్టు వేలాడదీస్తే కోణం కొలిచే పరికరం రెడీ. తోక కొసకు సరిగ్గా కింద ఉన్న చోటి నుంచి 30 మీటర్లు టేపుతో కొలుచుకుని, వెనక్కి వెళ్లి నిలబడి పైకొసను చూడాలి. కోణం టాన్ విలువను 30తో గుణించి, కంటి ఎత్తు కలపాలి. పుస్తకాల్లో ఉన్న ఎత్తు సుమారు 12 మీటర్లు. అది చక్రాలు నేల మీద ఉన్నప్పటి లెక్క కాబట్టి, చక్రాల కింద దిమ్మె ఏమైనా ఉందేమో విడిగా చూసుకోమనండి. ఇక్కడ అసలు పాఠం వేరే ఉంది. కోణం ఒక్క డిగ్రీ అటూ ఇటూ అయితే ఎత్తులో అర మీటరు పైనే తేడా వస్తుంది. "మేడం, మాకు 12.37 వచ్చింది" అని గర్వంగా చెప్పేవాడు ఒకడు ఉంటాడు. ఆ 7 ఎక్కణ్నించి వచ్చిందో వాడినే అడగండి.

రెండోది ప్రొపెల్లర్. ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. ఒక్కో ఇంజిన్‌కి ఒకదాని వెనక ఒకటి రెండు ప్రొపెల్లర్లు, ఒక్కోదానికి నాలుగు రెక్కలు. నాలుగు ఇంజిన్లకు కలిపి 32. వాళ్లనే లెక్కపెట్టనివ్వండి. ముందుది ఒకవైపు తిరిగితే వెనకది ఎదురువైపు తిరుగుతుంది. ఎందుకని అడిగితే చాలామంది "బలం కోసం" అంటారు. ముందు ప్రొపెల్లర్ గాలిని వెనక్కి నెట్టడంతో పాటు మెలి కూడా తిప్పేస్తుంది. ఆ మెలిలో వృథాగా పోయే శక్తిని వెనకది మళ్లీ తోపుగా మారుస్తుంది. ఇంజిన్ తిప్పే ఊపుకు విమానం పక్కకు ఒరగాలని చూడటం కూడా ఇలా తగ్గుతుంది.

తర్వాత లెక్క. ప్రొపెల్లర్ వ్యాసం 5.6 మీటర్లు, నిమిషానికి 750 చుట్ల దాకా తిరుగుతుంది. రెక్క కొస వేగం సెకనుకు 220 మీటర్లు వస్తుంది. "అంతేనా, ధ్వని కంటే తక్కువే కదా" అంటారు. అప్పుడు విమానం ముందుకు పోయే వేగం కలపమనండి. గంటకు 800 కిలోమీటర్లంటే సెకనుకు 222 మీటర్లు. రెండూ లంబంగా ఉన్నాయి కాబట్టి పైథాగరస్ వాడితే 312 దాటుతుంది. పైన మైనస్ 50 డిగ్రీల చలిలో ధ్వని వేగం 300కి కాస్త అటూఇటూగా ఉంటుంది. అంటే విమానం ధ్వనిని దాటలేదు, రెక్కల కొసలు దాటాయి! ఈ విమానానికి అంత మోత ఎందుకో వాళ్లే చెప్పేస్తారు. నోటుబుక్కులోంచి తలెత్తి పైనున్న ప్రొపెల్లర్ వైపు చూస్తారు చూడండి, ఆ చూపు కోసమే నేను ఈ లెక్క దాచుకుంటాను.

విమానం రెక్క లెక్క చిన్నదే. నిండు బరువు 185 టన్నులు, రెక్కల వైశాల్యం సుమారు 290 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు దాదాపు 640 కిలోలు పడుతుంది. పీడనంలోకి మారిస్తే వాతావరణ పీడనంలో 6 శాతం చిల్లర. ఇంత బరువును ఎత్తడానికి రెక్క పైనా కిందా అంత తేడా చాలన్నమాట.

మూడో జట్టు ఇసుకలో. మ్యూజియంలో సోనోబాయ్‌లు చూపించి తీసుకెళ్లండి. విమానం వీటిని సముద్రంలోకి జారవిడుస్తుంది, నీటి కింది శబ్దాన్ని పట్టుకుని ఇవి రేడియోలో పైకి పంపుతాయి. వీటిలో కొన్ని రకాలు తామే శబ్దం పంపి, ప్రతిధ్వని కోసం వింటాయి. ఆట ఆ రకంతో. పొడి ఇసుకలో మూడు కర్రలు, ఒకే గీతలో కాకుండా పాతండి, అవే సోనోబాయ్‌లు. ఒక పిల్లని "సబ్‌మెరైన్"గా ఎక్కడో నిలబెట్టి, కర్రల నుంచి దూరాలు మీరు రహస్యంగా కొలవండి. సముద్రపు నీటిలో ధ్వని వేగం సెకనుకు 1500 మీటర్లని, మీటరు తాడు 500 మీటర్లకు సమానమని చెప్పి, ప్రతి కర్రకూ ప్రతిధ్వని తిరిగొచ్చిన సమయం చీటీలో రాసివ్వండి. 4 సెకన్లు అంటే 3000 మీటర్లు, 6 మీటర్ల తాడు. చాలామంది 12 మీటర్లు కోస్తారు, వెళ్లిరావడానికి పట్టిన సమయాన్ని సగం చేయాలని గుర్తుండదు. కోయనివ్వండి. ఈలోపు సబ్‌మెరైన్ పిల్లని పక్కకు పంపేయాలి. తాడుతో ఇసుకలో గీస్తే ఒక కర్రకు ఒక వృత్తం, రెండు కర్రలకు రెండు చోట్ల ఖండన, మూడో కర్రతో ఒకటే చోటు. నీళ్లలోకి మాత్రం ఎవరినీ దిగనివ్వకండి, ఆర్కే బీచ్‌లో లాగేసే ప్రవాహాలుంటాయి.

కురుసుర జట్టుకు మాత్రం ఆ అంకె షరతు లేదు. లోపల నిలబడి, ఏ ఏ శబ్దాలు బయటికి పోతాయో జాబితా రాయమంటాను. ఊరికే వినే సోనోబాయ్‌లు పట్టుకునేవి ఆ శబ్దాలనే కాబట్టి, ఆ జాబితా ఇసుక జట్టుకు పనికొస్తుంది.

తిరిగొచ్చాక ఒక్కొక్కరు ఒక పేజీ రాయాలి: ఏం కొలిచాం, ఎంత వచ్చింది, తేడా ఎందుకు. వికీపీడియా నుంచి ఎత్తిన పేరాకు మార్కులుండవని ముందే చెప్పండి.

బస్సులో ఎవరో ఒకరు "నేవీలో ఎలా చేరాలి మేడం" అని అడుగుతారు, అందుకు సిద్ధంగా ఉండండి. ఇంటర్ ఎంపీసీ తర్వాత సైనిక అధికారుల శిక్షణకు తీసుకునే ఎన్‌డీఏ పరీక్ష ఉంది, 2021 నుంచి ఆడపిల్లలూ రాస్తున్నారు. జేఈఈ మెయిన్ ర్యాంకుతో నేవీ వాళ్ల బీటెక్ క్యాడెట్ ఎంట్రీ ఇంకో దారి, చదువు కేరళలోని ఎళిమలలో. విమానాల మరమ్మతు వైపు వెళ్తామనే వాళ్లకు, చేరబోయే సంస్థకు డీజీసీఏ (పౌర విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) అనుమతి ఉందో లేదో చూసుకోకుండా ఫీజు కట్టొద్దని గట్టిగా చెప్పండి.