గోదావరి గట్ల మీద గ్రావెల్ సైకిల్: ఇబ్బంది, కారణం, పరిష్కారం

ధవళేశ్వరం దిగువన సైకిల్ తొక్కడానికి గట్లకి కొదవ లేదు. ఏటిగట్లు, కాలువగట్లు, మురుగు కాలువల గట్లు, చేల మధ్య పుంతలు. కార్లు తక్కువ, ఎత్తుపల్లాలు దాదాపు లేవు, చాలాచోట్ల కొబ్బరి నీడ. అయినా చాలామంది కొత్త గ్రావెల్ బైక్ (మట్టి, కంకర దారుల కోసం చేసిన వెడల్పు టైర్ల సైకిల్) తెచ్చుకుని నాలుగుసార్లు వచ్చి, పంక్చర్లతో, బురదతో విసిగిపోయి మళ్లీ హైవే ఎక్కేస్తున్నారు. అది చూస్తే నాకు బాధేస్తుంది. ఇక్కడ వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం సైకిల్‌లో లోపం వల్ల రావు. ఏ గట్టు, ఏ నెల, ఎలాంటి మట్టి అన్నది చూసుకోకుండా బయల్దేరడం వల్ల వస్తాయి. అందుకే కింద పానా పనితో పాటు గట్టు సంగతీ చెప్తాను.

చక్రం తిరగడం ఆగిపోయింది, ఫోర్కు నిండా మట్టి

అన్నిటికన్నా జేబుకి చిల్లు పెట్టే సమస్య ఇదే. కారణం నల్లమట్టి. తడిసిందంటే టైరుకి పొరలు పొరలుగా అంటుకుంటుంది, ఆ పొర మీద గడ్డి, గులకరాళ్లు అంటుకుంటాయి, కాసేపటికి టైరుకీ ఫ్రేముకీ మధ్య సందు పూడిపోతుంది.

అప్పుడు చాలామంది చేసే పని ఇంకా గట్టిగా తొక్కడం. అది మాత్రం చేయొద్దు. మట్టితో, గడ్డితో బిగుసుకున్న డీరైలర్‌ని (గేరు మార్చేటప్పుడు చైనుని పక్క పళ్లచక్రం మీదకి జరిపే భాగం) చైను ముందుకి లాగేస్తుంది, దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ అనే చిన్న ముక్క వంగిపోతుంది లేదా విరిగిపోతుంది. వెంటనే దిగండి. చక్రాన్ని వెనక్కి తిప్పుతూ వెదురు పుల్లతోనో, కొబ్బరి ఈనెల కట్టతోనో సందుల్లో మట్టి తీయండి. తర్వాత నడిపించకుండా ఎత్తుకుని గట్టు అంచున గడ్డి ఉన్నచోటికి వెళ్లండి. గడ్డి మీద టైరు కొంత శుభ్రపడుతుంది, కొత్త మట్టి అంత త్వరగా అంటుకోదు.

హ్యాంగర్ విరిగిపోతే పల్లెటూరి షాపులో దొరకదు, అది ఫ్రేముని బట్టి మారుతుంది. మీ ఫ్రేముది ఒకటి సీటు కింద సంచిలో ఎప్పుడూ ఉండాలి. లేకపోతే చైన్ కట్టర్‌తో చైను తెంపి, డీరైలర్‌ని పక్కన పెట్టి, వెనకాల మధ్య పళ్లచక్రం మీదకి చైను పొట్టిగా కలిపి ఒకే గేరుతో ఇంటికి రావచ్చు. మన దగ్గర కొండలు లేవు కాబట్టి ఒక్క గేరు చాలు.

ఇక అసలు జాగ్రత్త దారి ఎంచుకోవడంలో ఉంది. డెల్టాలో సాగునీటి కాలువలు మెరక పట్టుకుని వెళ్తాయి, మురుగు కాలువలు పల్లంలో పారతాయి. వాన పడ్డాక పంటకాలువ గట్టు ముందు ఆరుతుంది, మురుగు కాలువ గట్టు రోజుల తరబడి పచ్చిగానే ఉంటుంది. గట్టు మీద ఎర్ర గ్రావెల్ తోలి ఉంటే వాన వెలిసిన మర్నాడే వెళ్లొచ్చు. వట్టి నల్లమట్టి అయితే రెండు మూడు రోజులు గట్టి ఎండ కాయాలి. ఇంకో సంగతి: వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు పూడిక తీసి ఆ మట్టిని గట్టు మీదే పోస్తారు. మే నెలలో అది గడ్డలు గడ్డలుగా ఎండి ఉంటుంది. జూన్‌లో తొలి వాన పడగానే అంతా జారుడే. నిరుడు చలికాలంలో హాయిగా వెళ్లిన గట్టు కదా అని జూన్‌లో నమ్మకండి.

రాత్రి ఇంటికి బాగానే వచ్చింది, పొద్దున చూస్తే గాలి లేదు

పల్లేరు కాయ. ఏటిగట్ల అంచుల్లో, లంకల్లో ఇసుక కలిసిన నేల మీద పాకే మొక్క, చిన్న పసుపు పువ్వు. కాయ ఎండి ముక్కలుగా విడిపోతుంది. ప్రతి ముక్కకీ గట్టి ముళ్లుంటాయి, ఎలా పడినా ఒక ముల్లు పైకే చూస్తుంది. ముల్లు పొట్టిది కాబట్టి ట్యూబుకి సూదిమొనంత బెజ్జమే పడుతుంది, గాలి నెమ్మదిగా పోతుంది.

ట్యూబు మార్చేసి ఊరుకుంటే పావుగంటకి మళ్లీ పంక్చరే, ఎందుకంటే ముల్లు టైరులోనే ఉంది. ముందు ట్యూబులో గాలి కొట్టి బెజ్జం ఎక్కడుందో చూడండి, వాల్వు నుంచి అది ఎంత దూరంలో ఉందో టైరు మీద అంతే దూరం కొలవండి. అక్కడ టైరు లోపలివైపు చిన్న దూది ముద్దతో నిమరండి. వేలికి తెలియని ముల్లు మొన కూడా దూది పీచుని పట్టుకుంటుంది. పీచు ఆగినచోట బయటి నుంచి చూస్తే రబ్బరులో గోధుమరంగు చుక్క కనిపిస్తుంది. దాన్ని గోరుతో లాగొద్దు, విరిగి సగం లోపలే ఉండిపోతుంది. చిన్న పట్టకారుతో తీయండి. తుమ్మముల్లు అయితే పొడుగు కాబట్టి తేలిగ్గానే దొరుకుతుంది.

ట్యూబు లేకుండా టైరులోనే గాలి నిలిచే ట్యూబులెస్‌కి మారడమే దీనికి శాశ్వత పరిష్కారం అని నా గట్టి అభిప్రాయం. 40 మిల్లీమీటర్ల టైరుకి 60 నుంచి 90 మిల్లీలీటర్ల సీలెంట్ (బెజ్జాల్ని పూడ్చే ద్రవం) పోస్తే పల్లేరు బెజ్జాలు వాటంతటవే మూసుకుంటాయి. అయితే మన ఎండకి సీలెంట్ త్వరగా ఆరిపోతుంది. రెండు మూడు నెలలకోసారి వాల్వు విప్పి పుల్ల పెట్టి చూడండి, తడి అంటకపోతే మళ్లీ పోయాలి. దారిలో ముల్లు కనిపించినా గాలి పోకపోతే దాన్ని అలాగే ఉంచి ఇంటికొచ్చాక తీయండి.

ట్యూబుకి పక్కపక్కనే రెండు చీలికలు

ఇది ముల్లు కాదు. గాలి తక్కువగా ఉండి, తూము సిమెంటు అంచుకో కల్వర్టు గట్టుకో చక్రం తగిలి, రిమ్ముకీ రాతికీ మధ్య ట్యూబు నలిగింది. 70 కిలోల మనిషికి 40 మిల్లీమీటర్ల టైరులో ట్యూబు ఉంటే గాలి ఒత్తిడి 40 పీఎస్‌ఐకి తగ్గనివ్వకండి. ట్యూబులెస్ అయితే వెనకాల 32–35, ముందు దానికి రెండు మూడు తక్కువ సరిపోతుంది. చేతులు తిమ్మిరెక్కుతున్నాయంటే మాత్రం గాలి ఎక్కువైందన్నమాట. ట్రాక్టర్లు తిరిగి అలలు అలలుగా అయిన గ్రావెల్ మీద రెండేసి పీఎస్‌ఐ తగ్గిస్తూ చూడండి.

ఊళ్లో షాపు ఉంది, పంపు ఉంది, గాలి ఎక్కడం లేదు

ఇలాంటి సైకిళ్లకి ఉండే సన్నటి ప్రెస్టా వాల్వుకి అక్కడి పంపు తల పట్టదు. వాల్వు కొన మర విప్పి, మోటారుసైకిల్ వాల్వు సైజుకి మార్చే చిన్న ఇత్తడి అడాప్టర్ బిగిస్తే ఏ పంక్చర్ షాపులోనైనా గాలి కొట్టించుకోవచ్చు. గోలీ అంత కూడా ఉండదు. రెండు కొని పెట్టుకోండి.

చైను కిర్రుమంటోంది, గేర్లు దూకుతున్నాయి

మొదట, వెనక చక్రం దగ్గరి డీరైలర్‌లో ఉన్న రెండు చిన్న చక్రాల్ని వంగి చూడండి. సార్వా కోతలప్పుడు నవంబరు, డిసెంబరులో, దాళ్వా కోతలప్పుడు ఏప్రిల్‌లో గట్ల మీద ట్రాక్టర్ల నుంచి జారిన వరిగడ్డి ఉంటుంది. ఒక్క పరక చాలు, ఆ చక్రం ఇరుసుకి దారంలా చుట్టుకుని గేరు కుదురుగా కూర్చోదు. కత్తి కొసతో తెంపి లాగేస్తే నిమిషంలో సరి.

గడ్డి లేదంటే దుమ్ము. పొడి నెలల్లో తడి రకం లూబ్ (చైను నూనె) వాడితే చైను మీద నల్లటి ముద్ద తయారవుతుంది, అది ఆకురాయిలా పళ్లని అరగదీస్తుంది. జనవరి నుంచి మే దాకా పొడి లూబ్, వానల్లో తడి లూబ్. ఏది వేసినా పది నిమిషాలాగి పైపైన గుడ్డతో తుడిచేయాలి.

అదే కోతల కాలంలో గట్టు మీద బరకాలు పరిచి ధాన్యం ఆరబోస్తారు. దాని మీదుగా తొక్కుకుంటూ పోవద్దు. దిగి, అంచు వెంట నడిపించండి. ఆ తేమ తగ్గడం మీదే రైతుకి వచ్చే ధర ఆధారపడి ఉంటుంది.

బ్రేకు అరుస్తోంది

మంచు కురిసిన తెల్లవారుజామున అరిస్తే పట్టించుకోకండి, నాలుగుసార్లు నొక్కితే ఆగిపోతుంది. ఎండలో కూడా అరుస్తుంటే డిస్కు మీద నూనె పడింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో డిస్కు తుడిచి, ప్యాడ్ల ముఖాన్ని సన్న గరుకు కాగితంతో రుద్దండి. ఇసుక కలిసిన ఒండ్రు బురదలో ప్యాడ్లు అనుకున్నదానికంటే త్వరగా అరుగుతాయి. పూత అర మిల్లీమీటరుకి వస్తే మార్చేయాలి.

అంతర్వేది, ఓడలరేవు వైపు, అలాగే భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగేవాళ్లకి తుప్పు బాధ వేరే ఉంటుంది. ఆ గాలిలో, ఆ నీటిలో ఉప్పుంది. ఇంటికి రాగానే తక్కువ ధారతో మంచినీళ్లు పోసి కడిగి, బోల్టు తలల మీద ఒక్కో చుక్క నూనె వేయండి. మోటారు పైపుతో బేరింగుల మీదకి నేరుగా కొట్టకండి, గ్రీజు పోయి వారం తిరిగేసరికి పెడళ్ల దగ్గర టక్ టక్ మొదలవుతుంది.

గట్టు చదునుగానే ఉంది, బండి మాత్రం కదలడం లేదు

దిగి చక్రాన్ని ఎత్తి చేత్తో తిప్పండి. వెంటనే ఆగిపోతే బ్రేకు రాసుకుంటోంది. హాయిగా తిరిగితే కారణం ఎదురుగాలి. వేసవి మధ్యాహ్నం దాటాక సముద్రం నుంచి పైరగాలి లేస్తుంది. మన కాలువలన్నీ దాదాపు సముద్రం వైపే పోతాయి కాబట్టి ఆ వేళ దిగువకి వెళ్తే ఎదురుగాలే. తెల్లారకముందే సముద్రం వైపు వెళ్లి, తిరుగుదారిలో ఆ గాలిని వీపుకి పెట్టుకోండి.

ఎదురుగాలీ లేదు, బ్రేకూ రాసుకోవడం లేదు, కాళ్లు పట్టేస్తున్నాయంటే ఉప్పు తగ్గి ఉండొచ్చు. కోనసీమలో అడుగడుగునా కొబ్బరిబోండాలు దొరుకుతాయని అవే తాగుతూ పోతారు. బోండాం నీళ్లలో పొటాషియం బాగానే ఉంటుంది కానీ సోడియం తక్కువ, చెమటలో ఎక్కువగా పోయేది సోడియమే. లీటరు నీళ్లకి ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్ కలిపి దగ్గర పెట్టుకోండి, లేదా ఉప్పేసిన మజ్జిగ అడగండి. తల తిరుగుతూ చెమట ఆగిపోతే అది వడదెబ్బ. నీడకి చేరి, ఒళ్లు తడిపి, ఎవరినైనా పిలిచి ఆసుపత్రికి వెళ్లాలి.

మ్యాప్‌లో దారి ఉంది, ఇక్కడ లేదు

ఉపగ్రహ చిత్రంలో గట్టు గీతలా తిన్నగా కనిపిస్తుంది. కానీ మధ్యలో మురుగు కాలువ కలిసేచోట వంతెన ఉండకపోవచ్చు, తూము కూలి ఉండొచ్చు. దీనికి ఫోను కన్నా పొలంలో ఉన్న మనిషి మేలు.

"బాబాయ్, ఈ గట్టు లాకుల దాకా ఎల్తుందా?"

"ఎల్తదండి. తూము కాడ గండి పడిందండి, సైకిల్ ఎత్తుకోవాలి. అవతల గట్టు ఎక్కేయండి, అదైతే బాగుంటది."

ఈ ఒక్క మాటతో గంట కలిసొస్తుంది. గోదావరి పాయలు దాటాలంటే నరసాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు (రేవు దాటించే పెద్ద పడవ) మీద సైకిల్ ఎక్కించుకోవచ్చు, వరద రోజుల్లో అది ఆగిపోతుంది. వంతెనలు ఎక్కడున్నాయో ముందే చూసుకుని బయల్దేరండి.

జూలై నుంచి సెప్టెంబరు దాకా ధవళేశ్వరం బ్యారేజీ నీటిమట్టం చూడకుండా ఏటిగట్టు ఎక్కొద్దు. 11.75 అడుగుల దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, అప్పుడే లంకల్లోకి దిగడం మానేయాలి. 13.75 దగ్గర రెండోది, 17.75 దగ్గర మూడోది. రెండో హెచ్చరిక వచ్చాక ఏటిగట్టు మీద ఇసుక బస్తాలు, ట్రాక్టర్లు, కాపలా మనుషులు ఉంటారు, వాళ్ల పనికి మనం అడ్డం కాకూడదు. వరద తీశాక కూడా ఆగాలి. లంక దారుల మీద దిగిన ఒండ్రు పైన ఎండి పెచ్చు కడుతుంది, కింద జానెడు లోతు పచ్చిగానే ఉంటుంది. కర్రతో పొడిచి చూడండి, కర్ర దిగితే ఇంకో వారం పంటకాలువ గట్టుతోనే సరిపెట్టుకోవాలి.