బొమ్మలు కొనకముందే ఒక ఆదివారం: సైఫై స్కర్మిష్ గేమ్ ఇంట్లో ట్రై చేయడం ఎలా

చిన్న చిన్న సైనికుల బొమ్మలతో టేబుల్ మీద యుద్ధం ఆడే ఈ హాబీలోకి మనోళ్ళలో వచ్చేవాళ్ళు చాలామంది ఏం చేస్తారంటే ముందు యూట్యూబ్‌లో ఒక వీడియో చూస్తారు, రెండ్రోజులు నిద్ర పట్టదు, మూడోరోజు బాక్స్ ఆర్డర్ పెట్టేస్తారు, అది వచ్చాక ఫ్రేముల్లోంచి ముక్కలు కట్ చేసి సగం అతికించి డబ్బా తీసుకెళ్ళి బీరువా మీద పెడతారు, ఆట మాత్రం ఒక్కసారి కూడా ఆడరు. నేను కూడా ఆ బాపతే, మా బెజవాడ ఇంట్లో ఆ బీరువా ఇప్పటికీ ఉంది, డబ్బా కూడా ఉంది. అందుకే రెండోసారి తిరగేసి చేశా, ముందు ఆట, తర్వాతే బొమ్మలు. మొత్తం ఒక ఆదివారం సాయంత్రంలో అయిపోయింది, మీరూ చేసుకోవచ్చు.

తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తా. స్కర్మిష్ అంటే వందల బొమ్మల సైన్యాలు కాదు, ఒక్కోవైపు 5 నుంచి 10 మంది ఉంటారు, ఎవరికి వాళ్ళే విడిగా కదులుతారు, కాలుస్తారు, దాక్కుంటారు. గళ్ళు ఉండవు, టేబుల్ మీద టేపు పెట్టి అంగుళాల్లో కొలుచుకోవడమే. బొమ్మలు ఎక్కువగా 28 ఎంఎం సైజు, అంటే మనిషి సుమారు మూడు సెంటీమీటర్లు ఉంటాడన్నమాట.

ఏ గేమ్ అంటే నా ఓటు వన్ పేజ్ రూల్స్ అనే కంపెనీ వాళ్ళ గ్రిమ్‌డార్క్ ఫ్యూచర్ ఫైర్‌ఫైట్‌కి. బేసిక్ రూల్స్ పీడీఎఫ్ ఫ్రీ, టీమ్ కట్టుకోవడానికి ఆర్మీ ఫోర్జ్ అని యాప్ ఉంది అదీ ఫ్రీగా వాడుకోవచ్చు, మామూలు ఆరు ముఖాల డైస్ చాలు, బొమ్మలు ఏ కంపెనీవైనా పర్లేదు. గేమ్స్ వర్క్‌షాప్ వాళ్ళ కిల్ టీమ్ బాగోదని కాదు, కానీ అది వాళ్ళ సొంత బొమ్మల చుట్టూ కట్టిన గేమ్, ట్రై చేయడానికే జేబు ఖాళీ అవుతుంది. 2021లో ఆస్ప్రే అనే పబ్లిషర్ నుంచి స్టార్‌గ్రేవ్ అని ఒకటి వచ్చింది, దాంట్లో కూడా ఏ బొమ్మలైనా వాడొచ్చు, కాకపోతే 20 ముఖాల డైస్ కావాలి, మా బెజవాడ బీసెంట్ రోడ్ అంతా తిరిగినా నాకు ఆ డైస్ దొరకలా. ఫోన్‌లో డైస్ యాప్ వేసుకోవచ్చు గానీ చేత్తో విసిరితే ఉండే మజా వేరు. లూడో డైస్ అయితే ఏ ఫ్యాన్సీ షాపులో అయినా ఉంటాయి, ఒక అరడజను తెచ్చుకోండి.

ఇక బొమ్మలు. మందంగా ఉండే కాగితం మీద ముందు వైపు, వెనక వైపు తలకిందులుగా ఆనించి ప్రింట్ చేయించి మధ్యలో మడిస్తే నిలబడే మనిషి వస్తాడు. నెట్‌లో ఫ్రీ పేపర్ మినీలు బోలెడు ఉన్నాయి, జిరాక్స్ షాపులో కలర్ ప్రింట్ అడిగితే ఇస్తారు, అయితే మందం కాగితం అని గట్టిగా చెప్పండి, లేకపోతే మామూలు ఏ4 మీద తీసిచ్చేస్తారు, అది రెండో టర్న్‌కే నడుం వంచేస్తుంది. బేస్ కోసం, అంటే బొమ్మ కింద ఉండే గుండ్రటి అడుగు కోసం, పది రూపాయల బిళ్ళ తీసుకుని అట్ట మీద పెట్టి చుట్టూ గీసి కట్ చేయండి. బిళ్ళ అడ్డంగా 27 ఎంఎం, ఈ గేముల్లో మామూలు సైనికుడి బేస్ 25 ఎంఎం, ఆ రెండు ఎంఎం గురించి ఎవడూ కోర్టుకెళ్ళడు.

బేస్ కింద హార్డ్‌వేర్ షాపులో దొరికే ఇనప వాషర్ ఒకటి ఫెవికాల్‌తో అంటించడం మాత్రం మర్చిపోకండి. మేం మర్చిపోయాం. మే నెల, బెజవాడ, టైం నాలుగు, నేనూ మా గుంటూరు బామ్మర్దీ ఫ్యాన్ ఆపేసి చెమటలు కక్కుకుంటూ మూడో రౌండ్‌లో ఉన్నాం, మా అమ్మ టీ పట్టుకుని వచ్చి "ఈ ఉక్కలో ఎట్టా కూర్చున్నార్రా" అని ఫ్యాన్ స్విచ్ వేసేసింది. నా వైపు ఐదుగురు సోఫా కింద తేలారు, వాడి స్నైపర్ అయితే టీ గ్లాసులోనే పడ్డాడు. వాడు గ్లాసులోకి చూసి "బావా, వీడికి కవర్ ఉందా లేదా?" అన్నాడు, కవర్ అంటే తూటా తగలకుండా దాక్కునే అడ్డు. వాషర్ ఉంటే రెండో స్పీడ్ దాకా తట్టుకుంటాయి, తర్వాత టెస్ట్ చేసి మరీ చూశా.

కొలవడానికి స్టీల్ టేపు వద్దు, గట్టిగా ఉంటుంది, బొమ్మల్ని తోసేస్తుంది. టైలర్లు మెడలో వేసుకునే టేపు బెస్ట్, ఒకవైపు అంగుళాలు ఉంటాయి, మూల తిరిగి నడవాల్సి వస్తే అది కూడా మూల తిరుగుతుంది.

టేబుల్ నాలుగడుగుల చదరం ఉంటే మంచిది, డైనింగ్ టేబుల్ చాలకపోతే నేల మీద దుప్పటి పరిచేయండి. టెర్రైన్, అంటే టేబుల్ మీద పెట్టే కొండలు, గోడల్లాంటి అడ్డాల దగ్గర మాత్రం పిసినారితనం వద్దు, కొత్తగా ఆడేవాళ్ళకి ఆట బోర్ కొట్టిందంటే పదిలో తొమ్మిదిసార్లు టేబుల్ ఖాళీగా ఉండటమే కారణం, మైదానంలో నిలబడి ఒకళ్ళనొకళ్ళు కాల్చుకుంటే ఇంకేం ఉంటుంది. మందుల డబ్బాలు, టూత్‌పేస్ట్ అట్టలు, తిరగేసిన గుడ్ల ట్రే (గ్రహాంతర కొండలకి దీన్ని మించింది లేదు), టీవీ ప్యాకింగ్‌లో వచ్చిన థర్మోకోల్, అన్నీ పెట్టండి, ఒక కన్ను ఈ చివర నుంచి ఆ చివరకి అడ్డు లేకుండా చూడగలిగితే ఇంకా చాలనట్టే. థర్మోకోల్‌కి స్ప్రే పెయింట్ మాత్రం కొట్టొద్దు, దాంట్లో ఉండే సాల్వెంట్‌కి థర్మోకోల్ కరిగి బొరియలు పడిపోతుంది, ముందు ఫెవికాల్లో నీళ్ళు కలిపి ఒక కోటింగ్ వేసి ఆరాక బ్రష్‌తో వేసుకోండి. ఇంకోటి, మా బామ్మర్దికి మార్స్ లాగా ఎర్ర నేల కావాలనిపించి, గుంటూరోడు కదా, ఇంట్లో ఉన్న కారప్పొడి దుప్పటి మీద చల్లాడు. ఆ రోజు ఆట జరగలేదు. ఇటుక పొడి వాడండి.

రూల్స్ విషయానికొస్తే మొత్తం చదివి కూర్చోవద్దు. నువ్వొక బొమ్మని కదుపుతావు, తర్వాత అవతలోడు ఒకదాన్ని, అలా మార్చి మార్చి అందరూ అయిపోతే ఒక రౌండ్, మొత్తం నాలుగు రౌండ్లు. వంతు వచ్చిన బొమ్మ నాలుగు పనుల్లో ఒకటి చేస్తుంది, కదలకుండా కాల్చడం, 6 అంగుళాలు నడిచి కాల్చడం, కాల్చకుండా 12 అంగుళాలు పరిగెత్తడం, లేదా 12 అంగుళాల్లోపు శత్రువు ఉంటే మీద పడి కొట్టడం. టేబుల్ మధ్యలో మూడు నుంచి ఐదు గుర్తులు పెడతారు, మేం సోడా మూతలు పెట్టాం. రౌండ్ అయిపోయేసరికి గుర్తుకి 3 అంగుళాల్లో నీవాడు ఉండి అవతలోడు లేకపోతే అది నీది, తర్వాత నువ్వు వదిలేసి వెళ్ళినా ఎవడైనా వచ్చి లాక్కునేదాకా నీదే. చివర్లో ఎవరి దగ్గర ఎక్కువ ఉంటే వాళ్ళు గెలిచినట్టు, చంపడం లెక్కలోకి రాదు, ఇది మొదటి ఆటలో ఎవరికీ ఎక్కదు, మనం కాల్చుకుంటూ కూర్చుంటాం, అవతలోడు మూతలు ఏరుకుంటాడు.

కాల్చడం ఒక్కసారి నెమ్మదిగా చూద్దాం, ఎందుకంటే గేమ్ అంతా ఇక్కడే ఉంది. ప్రతి బొమ్మకీ క్వాలిటీ అని ఒకటి, డిఫెన్స్ అని ఒకటి ఉంటాయి. రెండూ 4+ అనుకోండి. నువ్వు డైస్ వేస్తే 4 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడాలి, అంటే సగం ఛాన్స్. తగిలితే అవతలోడు డైస్ వేస్తాడు, వాడికీ 4 గానీ ఆ పైన గానీ పడితే ఆపేసినట్టు, అదీ సగమే. అంటే నాలుగు తూటాల్లో ఒకటి దిగుతుంది. ఇప్పుడు వాడు టూత్‌పేస్ట్ అట్ట వెనక ఉన్నాడు, కవర్ వల్ల వాడు వేసే డిఫెన్స్ డైస్‌కి ఒకటి కలుస్తుంది, 3 పడినా ఆపేస్తాడు, అంటే ఆరింట్లో ఒక్కటే దిగుతుంది. ఈ తేడా లూడో డైస్ చేతిలో పట్టుకుని రెండు మూడుసార్లు అనుభవిస్తే గానీ అర్థం కాదు, ఆ తర్వాత ఎవడూ అట్ట వదిలి బయటికి రాడు, అప్పుడు వాడిని బయటికి లాగడానికి నువ్వేం చేస్తావు అన్నదే అసలు ఆట.

"కనపడుతుంది", "కనపడట్లేదు" అనే గొడవ ఎలాగూ వస్తుంది. ఫోన్ కెమెరా ఆన్ చేసి నీ బొమ్మ తల పక్కన పెట్టి స్క్రీన్‌లో చూడండి, అవతలోడు కనపడితే కాల్చొచ్చు, లేకపోతే లేదు, పంచాయితీ అక్కడితో క్లోజ్. దూరం కొలిచేటప్పుడు కూడా బేస్ అంచు నుంచి బేస్ అంచుకి అని ముందే మాట్లాడుకోండి.

మొదటి ఆటకి చెరో ఐదుగురు, ఒకే రకం తుపాకీ, స్పెషల్ రూల్స్ ఏవీ లేకుండా పెట్టుకోండి. దెబ్బ తగిలినప్పుడు ఏమవుతుందో రూల్‌బుక్‌లో వివరంగా ఉంది గానీ మేం మాత్రం మొదటిసారి ఒక దెబ్బకి ఒకడు అవుట్ అని సొంత రూల్ పెట్టేసుకున్నాం, గంటలో అయిపోయింది. టీ తాగేసి వెంటనే రెండో ఆట అసలు రూల్స్‌తో ఆడండి. మొదటి ఆట బట్టి గేమ్ ఎలా ఉందో చెప్పలేం, ఎందుకంటే సగం సేపు పీడీఎఫ్ వెతుక్కోవడమే సరిపోతుంది. రెండో ఆట మధ్యలో మీ అంతట మీరే "వాడు అటు పోతే నేను ఇటు రావాలి" అని ఆలోచిస్తున్నారంటే గేమ్ ఎక్కినట్టు, ఫోన్ చూసుకుంటున్నారంటే వదిలేయండి, పోయింది ప్రింట్ డబ్బులేగా.

ఎక్కినవాళ్ళు అప్పుడు ప్లాస్టిక్ బొమ్మలు కొనుక్కోండి, ఒక్క టీమ్‌కి సరిపడా మాత్రమే, పెయింట్ చేసేదాకా రెండో బాక్స్ జోలికి పోకండి. పెయింటింగ్ నేర్చుకోవాలంటే ఒకపూట బెజవాడ పక్కనే ఉన్న కొండపల్లి వెళ్ళి బొమ్మలు చేసేవాళ్ళ దగ్గర కూర్చోండి, తెల్ల పొణికి చెక్కతో చేసిన బొమ్మకి ముందు సున్నం పూత వేసి ఆరాకే రంగు ముడతారు, మనం ప్రైమర్ అని చెప్పుకునేది అదే. ముక్కలు అతకడానికి చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి మక్కు అని చేస్తారు, నేను దాన్ని అట్ట బేస్ మీద రాళ్ళూ గుంటల్లాగా పూసి చూశా, ఆరడానికి టైం పట్టింది గానీ నేల భలే వచ్చింది. ప్లాస్టిక్ బేస్ మీద మాత్రం నాకు నిలవలేదు, పెళ్ళలు పెళ్ళలుగా ఊడొచ్చింది, దానికి ఫెవికాల్ పూసి ఇసుక చల్లడమే మేలు.

కాగితం బొమ్మల్ని పారేయకండి, స్వీట్ డబ్బా అడుగున అయస్కాంతం షీట్ అంటిస్తే వాషర్లు దానికి పట్టుకుంటాయి, గుంటూరు బస్సులో ఎంత కుదుపు వచ్చినా కదలవు. మావి అలాగే ఉన్నాయి, ఆ స్నైపర్‌తో సహా, వాడికి నడుం దగ్గర్నుంచి కిందంతా టీ రంగే.