నౌపడలో గుణుపూర్ బండి ఎక్కేవాళ్ళకి

విశాఖ నుంచి ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపూర్ వెళ్ళాలంటే దారి చీలేది శ్రీకాకుళం జిల్లాలోని మా నౌపడ జంక్షన్‌లోనే. మీ ఎక్స్‌ప్రెస్ ఇక్కడ ఆగుతుందో లేదో రైల్వే వాళ్ళ 139 నంబరుకి ఫోన్ చేసి కనుక్కోండి. ఆగకపోతే పలాసలో దిగి ప్యాసింజర్ పట్టుకోవాలి. గుణుపూర్ లైన్లో బండ్లు తక్కువ. ఒకటి తప్పిందా, టెక్కలి వెళ్ళి బస్సెక్కడమే మేలు. ఫోన్లో జనరల్ టికెట్ తీసుకునేవాళ్ళు స్టేషన్ లోపలికి రాకముందే తీసుకోండి.

ఈ గుణుపూర్ లైను పర్లాకిమిడి మహారాజు వేయించింది. 1900లో మొదలై, రెండున్నర అడుగుల ఎడమున్న పట్టాల మీద 2004 దాకా చిన్నబండి నడిచింది. ఆ తర్వాతే బ్రాడ్‌గేజి. మా పెద్దవాళ్ళ పెళ్ళిళ్ళూ పేరంటాలూ అన్నీ ఆ బండి మీదే సాగాయి, అందుకే నాకీ స్టేషనంటే అంత ప్రేమ.

ఎండాకాలం వస్తే మా నౌపడ ఉప్పు మడులు తప్పక చూడండి. గట్ల మీద తెల్లటి కుప్పలు పోసి, వానకు కరక్కుండా తాటాకు కప్పుతారు. పొద్దున్నే వెళ్ళండి, పదైతే ఎండకి నిలవలేరు.