రీఫ్ ట్యాంకులో పెంచుకున్న రొయ్యలు, పిలవకుండా వచ్చిన పురుగులు

రీఫ్ ట్యాంకు, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం, పెట్టిన మొదటి ఏడాది అందరం చేసే పని ఒకటే. కొత్త పురుగు ఏదైనా కనిపించగానే కంగారుపడి ఫోటో తీసి, పేరు తెలిసీ తెలియకుండానే ఏదో ఒక మందు సీసా ఆర్డర్ పెట్టేస్తాం. నన్నడిగితే ఆ సీసా కంటే ముందు ఒక చిన్న టార్చి, దాని ముఖానికి చుట్టడానికి ఎర్ర జిలెటిన్ కాగితం కొనుక్కోండి. లైట్లు ఆరిపోయిన గంటకి, అద్దానికి ముక్కు ఆనించి ఆ ఎర్ర వెలుతురులో చూడండి, పగలు చూసిన ట్యాంకు అది కాదు. మామూలు టార్చి వేస్తే అన్నీ రాళ్ళలోకి దూరిపోతాయి, ఎర్ర వెలుతుర్ని మాత్రం చాలా జీవులు అంతగా పట్టించుకోవు.

ఎందుకింత చెబుతున్నానంటే, ఈ ట్యాంకులో మనం చంపాలనుకునేవి, కాపాడుకోవాలనుకునేవి చాలాసార్లు దగ్గరి చుట్టాలే. యాక్రోపోరా పగడాల మీద పాకే రెడ్ బగ్స్‌కి వాడే మిల్బెమైసిన్ మందు మీ రొయ్యల్నీ పీతల్నీ కూడా తీసుకుపోతుంది, ఎందుకంటే అవన్నీ క్రస్టేషియన్లే (పెంకు ఒళ్ళు, కీళ్ళ కాళ్ళు ఉన్న ఒకే కుటుంబం). చేపలకి తెల్ల మచ్చలు వచ్చాయని మెయిన్ ట్యాంకులో కాపర్ (రాగి మందు) పోస్తే రొయ్యలు, పీతలు, నత్తలు, పగడాలు అన్నీ పోతాయి. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడం అంటే ఇదే. చేపని వేరే తొట్టెలోకి తీసి అక్కడ వైద్యం చేయండి.

నాది డాలస్ దగ్గర అపార్ట్‌మెంట్లో 40 గ్యాలన్ల ట్యాంకు, అంటే సుమారు 150 లీటర్లు. నాన్న భీమవరం పక్కన ఇరవై ఏళ్ళు రొయ్యల చెరువులు చేశారు. పోయినేడు ఇక్కడికొచ్చి ఆరు నెలలు ఉన్నప్పుడు, నా ట్యాంకు చూసి మొదట నవ్వారు ("రెండు రొయ్యలకి ఇంత కరెంటా?"). తర్వాత నాకంటే ఎక్కువసేపు దాని ముందే కూర్చున్నారు. నేను తంటాలు పడి నేర్చుకున్నవి సగం ఆయనకి చెరువు గట్టు మీదే తెలిసిన విషయాలు.

మొదటిది, రొయ్యని ట్యాంకులోకి వదలడం. నా మొదటి క్లీనర్ రొయ్య (చేపల ఒంటి మీది పురుగుల్ని ఏరి తినేది) రెండో రోజే చచ్చిపోయింది. సంచి పది నిమిషాలు నీళ్ళ మీద తేలేసి వదిలేశాను మరి. ఆ తర్వాత అనుమానం వచ్చి, మిగిలిన సంచి నీళ్ళు ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో వేసి చూస్తే 1.019 (ఉత్త నీళ్ళు 1.000, ఉప్పు పెరిగేకొద్దీ అంకె పెరుగుతుంది). నా ట్యాంకు 1.026. కొన్ని షాపుల్లో ఉప్పు ఖర్చు తగ్గుతుందని, పరాన్నజీవులు తగ్గుతాయని ఉప్పదనం తక్కువే ఉంచుతారు. చేప తట్టుకుంటుంది, రొయ్య తట్టుకోలేదు. నాన్న ఈ కథ విని "హేచరీ నుంచి రొయ్య పిల్లల్ని తెచ్చి సంచీ కోసి చెరువులో దొర్లించేస్తావా ఏంట్రా? చెరువు నీళ్ళు కొంచెం కొంచెం కలపాలి కదా" అన్నారు. సరిగ్గా అదే. సన్నటి ఎయిర్‌లైన్ గొట్టానికి ముడి వేసి, సెకనుకి రెండు మూడు చుక్కలు పడేలా ట్యాంకు నీళ్ళు సంచిలోని నీళ్ళలోకి వదలండి. నీళ్ళు మూడింతలయ్యేదాకా, గంటన్నర దాకా పట్టొచ్చు. చివర్లో రెండు నీళ్ళూ కొలిచి చూసుకుని, రొయ్యని మాత్రమే వదలండి, షాపు నీళ్ళు సింకులో పారబోయండి.

ఇందులో ఒక మెలిక ఉంది. కొరియర్లో ఒకటిన్నర రోజు ప్రయాణం చేసొచ్చిన సంచిలో అమ్మోనియా పేరుకుని ఉంటుంది. సంచి మూసి ఉన్నంతసేపూ కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ తక్కువగా ఉండి ఆ అమ్మోనియా పెద్దగా హాని చేయదు. విప్పగానే పీహెచ్ పెరిగి అదే విషంగా మారుతుంది. అందుకని అలాంటి సంచి తెరిచిన వెంటనే అమ్మోనియాని కట్టేసే కండిషనర్ చుక్కలు కొన్ని వేసి, చుక్కల వేగం పెంచి అరగంట, ముప్పావుగంటలో పని ముగించండి. రిఫ్రాక్టోమీటర్‌ని కూడా ఉత్త నీళ్ళతో కాకుండా 35 పీపీటీ (వెయ్యి పాళ్ళకి 35 పాళ్ళ ఉప్పు) ద్రావణంతో సరిచూసుకోండి. సున్నా దగ్గర సరిగ్గా ఉన్న మీటరు 35 దగ్గర తప్పు చూపించడం నా చేతిలోనే జరిగింది.

ఇక మోల్టింగ్, అంటే కుబుసం విడవడం. వారానికి ఒకరైనా "నా రొయ్య చచ్చిపోయింది" అని ఫోటో పంపుతారు, చూస్తే అది కుబుసం. పక్కనపెట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది. కుబుసం గాజులా పారదర్శకంగా ఉంటుంది, వీపు మీద తల, పొట్ట కలిసే చోట చీలిక ఉంటుంది, కళ్ళ స్థానంలో ఖాళీ తొడుగులు ఉంటాయి, పంపు ప్రవాహానికి దూదిలా తేలిపోతుంది. నిజంగా చచ్చిన రొయ్య ఉడికించినట్టు గులాబీ రంగుకి తిరిగి, లోపల మాంసం కనిపిస్తుంది. కుబుసం తీసి పారేయకండి, పీతలు తినేస్తాయి. రొయ్య మాత్రం ఒకటి రెండు రోజులు రాయి వెనక దాక్కుంటుంది, ఒళ్ళు మెత్తగా ఉంటుంది కాబట్టి. ఆ రెండు రోజులు రాళ్ళు కదపొద్దు, వెతకొద్దు. బాగా తింటే మూడు నాలుగు వారాలకోసారి ఇది మామూలే. చెరువుల్లో అమావాస్యకీ పౌర్ణమికీ కుబుసం విడుస్తాయని నాన్న అంటారు. నా ట్యాంకులో నాకు ఆ లెక్క కుదరలేదు, ఎల్‌ఈడీ లైటుకి తిథులు తెలియవు కదా.

మోల్టింగ్ కోసం అయోడిన్ సీసాలు అమ్ముతారు. కొనకండి. నెలకి రెండుసార్లు మంచి ఉప్పుతో పది పదిహేను శాతం నీళ్ళు మారిస్తే చాలు. కుబుసంలో ఇరుక్కుని చచ్చిపోయిందంటే ఉప్పదనం ఉన్నట్టుండి మారిపోవడం కారణం కావచ్చు. ఆటో టాప్ ఆఫ్ (ఆవిరైన నీళ్ళని తిరిగి నింపే పరికరం) పాడై ఒక్క రాత్రిలో ఉత్త నీళ్ళు లీటర్లకొద్దీ పడిపోవడం లాంటివి. నీళ్ళు ఆర్‌ఓడీఐవే (ఫిల్టరు చేసి లవణాలన్నీ తీసేసినవి) వాడండి, కుళాయి నీళ్ళలో రాగి పైపుల నుంచి కాపర్ రావచ్చు.

ఏ రొయ్య కొనాలంటే, మొదటిది క్లీనర్ రొయ్య, రెండు కొనండి. అవి ఒక్కో ప్రాణిలో ఆడ, మగ రెండూ అయిన జాతి కాబట్టి ఏ రెండు పెట్టినా జతే, కొన్నాళ్ళకి పొట్ట కింద ఆకుపచ్చ గుడ్లు కనిపిస్తాయి (పిల్లలు బతకవు, చేపలకి విందు). ఎర్రటి ఫైర్ రొయ్య అందంగా ఉంటుంది కానీ పగలు మొహం చూపించదు. కోరల్ బ్యాండెడ్ అనే పొడుగు పట్టకార్ల రొయ్య మిగతా రొయ్యల్ని బతకనివ్వదు, అది కావాలంటే అదొక్కటే. సిక్స్ లైన్ రాస్ చేప ఉంటే, కుబుసం విడిచిన రోజు రొయ్యకి గండమే.

పెప్పర్‌మింట్ రొయ్య ఐప్టేసియా అనే పీడని తింటుందని కొంటాం. ఇక్కడే మోసపోతాం, ఎందుకంటే క్యామెల్ రొయ్యని అదే పేరుతో అమ్మేస్తుంటారు. పెప్పర్‌మింట్ ఒళ్ళు పారదర్శకంగా, సన్నటి ఎర్ర చారలతో ఉంటుంది. క్యామెల్ వీపు గూనిలా లేచి, ఎర్ర చారల మధ్య తెల్ల గీతలు, పెద్ద కళ్ళు ఉంటాయి. ఆ తెల్ల గీతలు కనిపిస్తే వద్దనేయండి, అది మీ జోయాంథిడ్లని (గుత్తులుగా పెరిగే, పగడాల్లాంటి మెత్తటి జీవుల్ని) గిల్లి తింటుంది.

ఐప్టేసియా అంటే గోధుమ రంగులో చిన్న కొబ్బరిచెట్టులా ఉండే ఎనిమోన్, పగడాలకి చుట్టమైన మెత్తటి జీవి. ముట్టుకుంటే చటుక్కున రంధ్రంలోకి పోతుంది. దాన్ని గీకడం, తుంచడం అస్సలు చేయొద్దు. అడుగున మిగిలిన చిన్న ముక్క నుంచి కూడా మళ్ళీ మొలుస్తుంది. నాకు ఒకటి పదకొండైంది అలాగే. నాలుగైదు ఉంటే, పంపులు ఆపి, కొంచెం మేత చల్లి అవి విచ్చుకున్నాక, సిరంజితో కల్క్ పేస్టు (సున్నం ముద్ద) గానీ ఐప్టేసియా-ఎక్స్ అనే మందు గానీ నోటి మీద నెమ్మదిగా పెట్టండి. పావుగంట ఆగి పంపులు వేయండి. కల్క్ పీహెచ్ పెంచుతుంది, ఒకేసారి నాలుగైదుకి మించొద్దు. ట్యాంకంతా పాకిపోతే మూడు పెప్పర్‌మింట్‌లు వేసి, మేత తగ్గించి, రెండు మూడు వారాలు ఓపిక పట్టండి. చిన్నవాటిని తింటాయి, పెద్దవాటి జోలికి పోవు, వాటికి మీ సిరంజే గతి. ఇంకో దారి బెర్గియా అనే చిన్న నూడిబ్రాంక్ (గుల్ల లేని సముద్రపు నత్త), అది ఐప్టేసియా తప్ప ఇంకేదీ తినదు, అయిపోతే ఆకలితో పోతుంది. పెప్పర్‌మింట్‌లు, రాస్ చేపలు బెర్గియాని తినేసే ప్రమాదం ఉంది కాబట్టి ఏదో ఒక దారే పట్టండి.

ఖాళీ నత్త గుల్లల్లో కాపురముండే హెర్మిట్ పీతల దగ్గర షాపువాళ్ళు చెప్పే "గ్యాలన్‌కి ఒకటి" లెక్క నమ్మకండి. నా 40 గ్యాలన్లకి అయిదు చాలు. స్కార్లెట్ హెర్మిట్‌లు నిదానం, నీలి కాళ్ళవి కొంచెం రౌడీలు. నాచు ఉన్నంతకాలం నాచు తింటాయి, అయిపోయాక నత్తల మీద పడతాయి. తినడానికి కొంత, ఎక్కువసార్లు గుల్ల కోసం. అద్దె ఇల్లు దొరక్క పక్కింటివాణ్ణి ఖాళీ చేయించడం లాంటిది. అందుకే పీతకి కనీసం మూడు చొప్పున, ఇప్పుడున్న గుల్ల కంటే కొంచెం పెద్ద నోరున్న ఖాళీ గుల్లలు ఇసుక మీద పడేయండి. రంగు వేసినవి వద్దు. ఒక రాత్రి చూశాను, ఎర్ర హెర్మిట్ ఒకటి ఖాళీ టర్బో నత్త గుల్లని తిప్పి తిప్పి, గుల్ల నోట్లో పట్టకారు పెట్టి లోతు చూసి, లోపలి ఇసుక రేణువులు ఒక్కొక్కటీ తీసి బయటపడేసింది. తర్వాత రెప్పపాటులో దూరింది. నచ్చలేదేమో, అయిదు నిమిషాలకి మళ్ళీ పాత కొంపకే. బీచ్ దుకాణాల్లో అమ్మే హెర్మిట్‌లు మాత్రం నేల మీద బతికేవి, ట్యాంకులో వేస్తే మునిగి చచ్చిపోతాయి.

కొత్త ఖాళీ గుల్లల్ని అయిదు నిమిషాలు మరిగించి వేసుకోవచ్చు. కానీ ట్యాంకు రాళ్ళని ఎప్పుడూ, ఏ కారణంతోనూ మరిగించకండి. ఐప్టేసియా చంపుదామని రాయి పొయ్యి మీద పెట్టి, దాని మీదున్న జోయాంథిడ్లు, వాటి చుట్టమైన పాలిథోవాల నుంచి పాలిటాక్సిన్ అనే విషం ఆవిరిలో కలిసి, ఇంట్లోవాళ్ళు ఆస్పత్రిపాలైన సంఘటనలు ఉన్నాయి. అదే కారణంగా జోయాంథిడ్లు కోసేటప్పుడు గ్లవ్స్, కళ్ళద్దాలు తప్పనిసరి.

ఒళ్ళంతా సన్నటి ముళ్ళున్న బ్రిసిల్ వార్మ్ అనే పురుగుని మొదటిసారి చూసి నాన్న "ఏరా, జెర్రిని పెంచుతున్నావా?" అని వెనక్కి జరిగారు. అందరూ భయపడేది దానికే, అందరికన్నా బాగా పనిచేసేదీ అదే. మిగిలిపోయిన మేత, చచ్చిన నత్త, అన్నీ రాత్రికి రాత్రే శుభ్రం చేస్తుంది. చచ్చిన నత్తని తింటుంటే చూసి, అదే చంపిందని నేరం మోపుతాం. ఎక్కువయ్యాయంటే మీరు మేత ఎక్కువ వేస్తున్నారని అర్థం. చేతికి ముళ్ళు గుచ్చుకుంటే రుద్దకుండా, టేపు అంటించి లాగేయండి. నిజంగా తీసేయాల్సింది బియర్డెడ్ ఫైర్‌వార్మ్, ఒళ్ళు లావు, తెల్లటి కుచ్చుల ముళ్ళు, తల మీద ఎర్రటి మడత. అది పగడాలు తింటుంది.

వర్మెటిడ్ నత్తలు రాయికి అంటుకున్న సన్నటి గొట్టాలు, సాలెగూడు లాంటి జిగురు వదిలి పగడాల్ని చికాకు పెడతాయి. గొట్టం విరిచి, రంధ్రం మీద సూపర్ గ్లూ జెల్ చుక్క పెట్టండి. ఎర్ర ఫ్లాట్‌వార్మ్‌లు (చదునైన చిన్న పురుగులు) ఎక్కువగా ఉంటే ముందు గొట్టంతో ఎన్ని లాగగలిగితే అన్ని లాగి, ఆ తర్వాతే మందు వేయండి. ఒకేసారి అన్నీ చచ్చిపోతే వాటి విషం చేపల్ని కూడా తీసుకుపోతుంది. విషాన్ని పీల్చే కొత్త కార్బన్ (బొగ్గు), మార్చడానికి నీళ్ళు సిద్ధంగా పెట్టుకోండి. కొత్త పగడం కొన్న ప్రతిసారీ డిప్ చేయండి (మందు నీళ్ళలో ముంచి తీయండి), కానీ డిప్‌కి గుడ్లు చావవు, కాబట్టి వేరే తొట్టెలో ఉంచి వారానికోసారి మళ్ళీ చేయాలి.

రాత్రుళ్ళు ట్యాంకులోంచి వేలితో గాజుని కొట్టినట్టు టక్ టక్ వినిపిస్తే, అది పిస్టల్ రొయ్య కావచ్చు, మాంటిస్ రొయ్య కావచ్చు. మొదటిది అమాయకురాలు. రెండోదైతే ఆ రాయి తీసి బకెట్లో పెట్టి, రంధ్రాల్లోకి ఉప్పదనం ఎక్కువ చేసిన నీళ్ళు కొట్టండి, బయటికొస్తుంది. చేత్తో మాత్రం పట్టుకోకండి.

ఇక చివరిది నాన్న ఐడియా. చెరువులో మేత ఎంత తిన్నాయో చూడటానికి చెక్ ట్రే దించుతారు కదా, అలాగే నేను వారానికోసారి లైట్లు ఆరాక చిన్న గాజు పళ్ళెంలో ఒక రొయ్య ముక్క పెట్టి, గంటకి ఎర్ర టార్చితో చూస్తాను. ఎవరెవరు వచ్చారో అక్కడే లెక్క. నిన్న రాత్రి మూడు హెర్మిట్‌లు, రెండు బ్రిసిల్ వార్మ్‌లు, ఒక క్లీనర్ రొయ్య. వాటి వెనక రాయి సందులోంచి బొచ్చు కాలు ఒకటి, కొసన నల్లటి పట్టకారు. గొరిల్లా పీత, మాయమైన నా రెండు నత్తల లెక్క తేలిపోయింది. ఈ రాత్రికి నున్నటి గాజు గ్లాసు ఒకటి రాయికి వాల్చి, అడుగున అదే రొయ్య ముక్క వేస్తున్నాను. దిగడం తేలికే, జారే గాజు మీద మళ్ళీ ఎక్కడం మాత్రం ఆ పీత వల్ల కాదు. హెర్మిట్‌లు ముందే దూరకుండా వాటికి అవతలి మూల వేరే మేత వేయాలి.