చిక్కుడు పందిరికి పట్టిన పేనుబంక

మాది కావలి. కార్తీకంలో వాయుగుండం వానలు వెలిశాక పెరట్లో చిక్కుడు పాదు పందిరంతా అల్లుకుంది. ధనుర్మాసం మంచు మొదలయ్యేసరికి పూతకాడలన్నీ నల్లగా, జిగటగా అయిపోయాయి. చూస్తే పేనుబంక, అదే, మొక్క రసం పీల్చే సన్న పురుగు! తప్పు నాదే. కాపు బాగా రావాలని గుప్పెడు యూరియా వేశాను. లేత చిగుళ్లు తెగ వచ్చాయి, పురుగుకు విందు దొరికింది.

మందు కొడదామంటే అత్తయ్య ఒప్పుకోలేదు. "రేపు కోసుకు తినేది మనమే గదమ్మా" అంది. బాగా పట్టిన కొసలు తుంచి పాతిపెట్టాను. పైపు నీళ్లు ఆకుల అడుగున గట్టిగా కొట్టాను. సాయంత్రం లీటరు నీళ్లకు 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి పిచికారీ చేశాను.

వారానికల్లా మళ్లీ వచ్చింది. అప్పుడు కనబడింది, గుంజ వెంట చీమలబారు. పేను వదిలే తీపి జిగురు కోసం దానికి కాపలా కాస్తున్నది అవే. గుంజలకు ఆముదం పూసిన గుడ్డ చుట్టి, రెండోసారి పిచికారీ చేశాను. తర్వాత అక్షింతల పురుగులు చేరాయి, పేనును అవే తినేస్తాయి కాబట్టి ఇక ఏమీ కొట్టలేదు.

గంగిరెద్దులవాళ్లు వచ్చేనాటికి రెండు చేటల కాయలు కోశాం. ఈ గొడవలో మల్లె పొదలు కత్తిరించడం మాత్రం మర్చేపోయాను.