మెత్తగా ఉంటే చాలదు: మింగడం కష్టమైన వాళ్ళకి మన గోదారి వంట

పక్షవాతం వచ్చి కోలుకుంటున్న వాళ్ళకి, పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళకి, గొంతుకి రేడియేషన్ పెట్టించుకున్న వాళ్ళకి ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు "మెత్తటి తిండి పెట్టండి" అని ఒక్క మాట చెప్తారు. మనం ఇంటికొచ్చి ఏం చేస్తాం? చారన్నం పిసికి పెడతాం, లేదంటే మజ్జిగన్నం, సాయంత్రం టీలో ముంచిన బిస్కెట్టు. మూడూ మెత్తగానే ఉంటాయి, మూడూ ప్రమాదమే. చారు నీళ్ళలా ముందే గొంతులోకి జారిపోతుంది, మెతుకులు ఇంకా నోట్లోనే తిరుగుతుంటాయి, నాలుకకి పట్టు తగ్గిన మనిషి ఈ రెండింటినీ ఒకేసారి సంబాళించుకోలేక పొలమారుతుంది. అందుకని మెత్తదనం ఒక్కటే చూడకండి. ముద్ద అంతా ఒకే తీరుగా ఉందా, తడిగా ఉందా, విడిపోకుండా ఉందా, అంగిలికి అంటుకోకుండా జారుతుందా, ఇవి చూడాలి. మా అత్తయ్యగారికి వండే క్రమంలో ఏ కూర పనికొస్తుందో ఏది రాదో తెలిసింది కాబట్టి రాస్తున్నాను. మాది కోనసీమ, వంటలు కూడా ఇక్కడివే.

ముందు నంబరు అడగండి

మింగడం గురించి చూసేది స్పీచ్ థెరపిస్టులు. మాటలు నేర్పించడానికే అనుకుంటాం గానీ మింగే కండరాల పనీ వాళ్ళదే. మీ దగ్గర ఆసుపత్రిలో లేకపోతే కాకినాడో రాజమండ్రో ఏలూరో వెళ్ళి అయినా ఒకసారి చూపించండి, ఎందుకంటే కొంతమందికి తిండి ఊపిరితిత్తుల్లోకి వెళ్తున్నా దగ్గు రాదు, పైకి చూస్తే చక్కగా తింటున్నట్టే ఉంటుంది, తర్వాత జ్వరం, నిమ్ము. అది ఎక్స్‌రే వీడియోలోనో, ముక్కులోంచి సన్నటి కెమెరా వేసో చూస్తేనే తెలుస్తుంది.

తిండి ఎంత మెత్తగా ఉండాలో, తాగేది ఎంత చిక్కగా ఉండాలో చెప్పడానికి ఐడీడీఎస్ఐ అని చాలా దేశాల్లో వాడుతున్న ఒక కొలత ఉంది, 0 నుంచి 7 దాకా. తాగేవి 0 నుంచి 4, తినేవి 3 నుంచి 7. 0 అంటే మామూలు మంచినీళ్ళు. 4 అంటే ఎక్కడా పలుకు తగలని ముద్ద. 5 అంటే పెద్దవాళ్ళకి 4 మిల్లీమీటర్ల వెడల్పు మించని మెత్తటి పలుకులు, అవీ తడిగా ఉండాలి. 6 అంటే ఒకటిన్నర సెంటీమీటరు మించని మెత్తటి ముక్కలు. 7 మామూలు భోజనం. తిండికి ఒక నంబరు, తాగడానికి ఇంకో నంబరు చెప్పొచ్చు, రెండూ కాగితం మీద రాయించుకుని వంటింట్లో అంటించండి. నేను కింద చెప్పేది ఎక్కువగా 4, 5 నంబర్ల వాళ్ళకి. మీ వాళ్ళ నంబరు మీరు ఊహించి పెట్టకండి.

అన్నం సంగతి

అందరికీ టెన్షన్ ఇక్కడే. వండిన అన్నాన్ని మిక్సీలో వేస్తే మెత్తగా అవుతుందనుకుంటాం, అవుతుంది, కానీ బంకలా సాగుతుంది, అంగిలికి అతుక్కుంటే నాలుకతో తీసుకోలేరు. దానికన్నా నూకలు మేలు. గుప్పెడు నూకలకి సగం గుప్పెడు పెసరపప్పు కలిపి, ధారాళంగా నీళ్ళు పోసి, కుక్కర్లో మామూలు కన్నా ఎక్కువసేపు ఉంచి, దించాక పప్పుగుత్తితో మెదిపి, 4 నంబరు వాళ్ళకైతే స్టీలు జల్లెడలో గరిటెతో రుద్ది దించండి. బంకగా అనిపిస్తే వేడి పాలో చిక్కటి కొబ్బరిపాలో నెయ్యో వేసి కలపండి, చన్నీళ్ళు పోయకండి, కాసేపటికి అవి విడిపోయి అంచున నిలుస్తాయి. మామూలుగా మనం పాత బియ్యానికి ఎగబడతాం, పొడిపొడిలాడుతుందని. ఈ పనికి మాత్రం కొత్త బియ్యమే నయం, తొందరగా గుజ్జవుతుంది.

జావ ఏదైనా చల్లారితే గట్టిపడుతుంది, ఇది మర్చిపోకండి. పొయ్యి దగ్గర సరిగ్గా ఉన్నది మంచం దగ్గరికి వెళ్ళి నాలుగు మాటలు మాట్లాడేసరికి ముద్దయిపోతుంది. గోరువెచ్చగా ఉన్నప్పుడే చెంచాతో తీసి వంచి చూడండి: ముద్ద ఆకారం నిలబెట్టుకుని, చెంచా కాస్త వంచగానే ఒక్కసారిగా జారిపడాలి, చెంచాకి పెద్దగా అంటుకోకూడదు. కుదిపితే తప్ప పడట్లేదంటే బంక ఎక్కువ. ధారగా కారిపోతే పల్చన.

ఇంటి కూరల్లోంచే తీయండి

రోగికి వేరే వంట అని మొదలుపెడితే పది రోజుల్లో మీకూ విసుగు, వాళ్ళకీ విసుగు. ఉప్పూ కారం లేని ఆ తెల్లటి గుజ్జు చూస్తే ఎవరికైనా ఆకలి చస్తుంది. ఇంట్లో అందరికీ వండే కూరలోంచే, పోపు పెట్టకముందు వాళ్ళ వాటా తీసి పక్కన పెట్టండి. ఆవాలు, మినప్పప్పు, కరివేపాకు, ఎండుమిరప తొక్క, ఇవన్నీ గొంతులో చిక్కుకునేవే. పోపు వాసన కావాలంటే నేతిలో వేయించి వడకట్టి ఆ నెయ్యి మాత్రం కలపండి, ఇంగువ నెయ్యి ఒక్క చెంచా పడితే ఆ ముద్దకి ప్రాణం వస్తుంది.

దీనికి కందాబచ్చలిని మించింది లేదని నా అభిప్రాయం. కంద ఉడికితే వెన్నలా మెదుగుతుంది, బచ్చలికున్న జిగురు ఆ పిండిని పట్టి ఉంచుతుంది, నీరు విడవదు. బచ్చలి కాడలు తీసేసి ఆకు మాత్రం వేయండి, కంద దురద పోయేదాకా చింతపండు పులుసులో బాగా ఉడకనివ్వండి, మెదిపి జల్లెడ పట్టాక మెత్తగా నూరిన ఆవ కొంచెం కలపండి. ఆవ ఘాటు నోరూరిస్తుంది, చాన్నాళ్ళుగా రుచి ఎరగని నాలుకకి అది కావాలి. (నోట్లో పుండ్లు ఉన్నవాళ్ళకి, రేడియేషన్ అయినవాళ్ళకి ఆవ, కారం, పులుపు మంట పెడతాయి, వాళ్ళకి కొబ్బరిపాలతో చేయండి.) పనసపొట్టు కూర మాత్రం ఎంత నూరినా పీచు పోదు. ఆశ వదులుకోండి.

గుమ్మడికాయ, చిలకడదుంప, క్యారెట్, తొక్కా గింజలూ తీసిన వంకాయ గుజ్జు బాగా కుదురుతాయి. ఆనపకాయ, పొట్లకాయ నీరు విడుస్తాయి, పప్పులో వేసి కలిపి మెదిపితే సరిపోతుంది. ముక్కల పులుసు చేసిన రోజు గుమ్మడి, చిలకడదుంప ముక్కలు ఏరి, కాస్త పులుసుతో మిక్సీ పట్టి ఇవ్వండి. మునక్కాడ గుజ్జు గీకి ఇద్దామనిపిస్తుంది, ఆ సన్నటి పీచు కంటికి కనపడదు, వద్దు. దొండకాయ గింజలు, టమాటా తొక్క, గోంగూర ఈనెలు కూడా అంతే.

5 నంబరు వాళ్ళకి మిక్సీ అక్కర్లేదు, పలుకు ఫోర్కు పళ్ళ మధ్య సందు దాటకుండా ఉండాలి, ఆ సందు సుమారు 4 మిల్లీమీటర్లే. ఫోర్కుతో కాస్త నొక్కితే నలిగిపోవాలి. దాన్ని చిక్కటి పులుసో పప్పో పట్టి ఉంచాలి, చుట్టూ నీళ్ళు నిలబడకూడదు.

చేప తినకపోతే ఎలా

మన వైపు ఇది పెద్ద ప్రశ్న. శీలావతి, బొచ్చె చెరువుల్లో బోలెడు దొరుకుతాయి గానీ కండలో సన్నటి ముళ్ళు. పులస గురించి చెప్పక్కర్లేదు, పుస్తెలమ్మయినా తినమన్నారు గానీ మింగలేని మనిషికి పెట్టమనలేదు, ఆ ముళ్ళు ఏరడం ఎవరివల్లా కాదు. పులస వండిన రోజు పులుసు మాత్రం గుడ్డలో వడకట్టి, చిక్కగా చేసి, నూకల జావకి కలపండి. చేపే కావాలంటే కొరమేను, పండుగప్ప. ఆవిరి మీద ఉడికించి, వేళ్ళ మధ్య కొంచెం కొంచెంగా నలుపుతూ ముళ్ళు తీయండి, దీనికి కళ్ళకన్నా వేళ్ళే నమ్మకం. తర్వాత పులుసుతో మిక్సీ. రొయ్య ఉడికితే రబ్బరులా సాగుతుంది, ముక్కగా వద్దు, కొబ్బరిపాలతో మెత్తగా రుబ్బి జల్లెడ పట్టాలి.

చేప తినని ఇళ్ళల్లో పప్పు, పెరుగు, పాలు, పనీర్. గుడ్డు తినేవాళ్ళయితే కాస్త పాలు కలిపి ఆవిరి మీద ఉడికించండి, జున్నులా వస్తుంది, ఒక గుడ్డులో 6 గ్రాముల దాకా ప్రొటీన్. 4 నంబరు వాళ్ళకి అది కూడా ఇంకొంచెం పాలతో మెదిపి ఇవ్వాలి. పెరుగు గడ్డగా తోడుపెట్టి, పైన తేలిన నీరు వంపేసి, గిలక్కొట్టి పెట్టండి. ఈ తిండిలో నీళ్ళే ఎక్కువ, కడుపు నిండినట్టుంటుంది గానీ ఒంటికి పట్టదు, మనిషి చిక్కిపోతారు. నెయ్యి, పాలపొడి, కొబ్బరిపాలు ధైర్యంగా వేయండి, పెద్ద చెంచా నెయ్యి నూట ఇరవై కేలరీల పైమాటే. షుగర్, గుండె, కిడ్నీ జబ్బులుంటే డాక్టర్ని అడిగి. వారానికోసారి బరువు చూడండి.

నీళ్ళు, మజ్జిగ, కొబ్బరినీళ్ళు

నీళ్ళు పల్చన కాబట్టే కష్టం. చిక్కబరచమని చెప్తే మనవాళ్ళు గంజి, కార్న్‌ఫ్లోర్, పాలగుండ వాడతారు. పిండితో చిక్కబడినదాన్ని లాలాజలం మళ్ళీ పల్చన చేసేస్తుంది, ఎంగిలి చెంచా గిన్నెలో పెడితే అడుగున చివరికి నీళ్ళే మిగులుతాయి. గ్జాంథన్ గమ్ అనే జిగురుతో చేసిన చిక్కబరిచే పొడి మందుల షాపులో తెప్పించుకుంటే ఆ బాధ లేదు. కొబ్బరినీళ్ళైనా మజ్జిగైనా కలిపి, డబ్బా మీద రాసినంతసేపు ఆగి, చిక్కదనం చూసి ఇవ్వండి.

చూడటానికి 10 మిల్లీలీటర్ల సిరంజి చాలు, సున్నా నుంచి పది గీత దాకా పొడవు 61.5 మిల్లీమీటర్లు ఉండాలి. లోపలి కడ్డీ తీసేసి, సూది పెట్టే మూతికి వేలు అడ్డం పెట్టి పది దాకా పోయండి, వేలు తీసి పది సెకన్లు లెక్కపెట్టి మళ్ళీ మూయండి. 1 నుంచి 4 మిల్లీలీటర్లు మిగిలితే 1వ నంబరు, 4 నుంచి 8 అయితే 2, 8 దాటి కొంచెమైనా కారితే 3. అసలు చుక్క కారకపోతే 4, దానికి పైన చెప్పిన చెంచా పరీక్షే.

ఐసు ముక్క, ఐస్‌క్రీం, జెల్లీ నోట్లో కరిగి నీళ్ళవుతాయి, నీళ్ళు వద్దన్నవాళ్ళకి అవీ వద్దు. తాటి ముంజె చూడటానికి ఎంత మెత్తగా ఉంటుందో అంత మోసం, జారిపోతుంది, లోపల నీళ్ళు. చిక్కటి నీళ్ళంటే ఎవరికీ ఇష్టం ఉండదు, తాగడం తగ్గిస్తారు, మే నెల ఉక్కపోతలో ఒంట్లో నీరు పోతుంది. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తుంటే ఇంకాస్త పట్టించండి.

పెట్టే పద్ధతి

మంచం మీద జారగిలబెట్టి తినిపించకండి, కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, తిన్నాక కూడా అరగంట అలాగే ఉంచండి. గడ్డం కిందకి దించి మింగమనడం థెరపిస్టు చెప్తేనే. చిన్న చెంచా, సగం నింపి, ఒక గుటక పూర్తిగా దిగాకే ఇంకోటి. టీవీ ఆపండి, "రుచిగా ఉందా అత్తయ్యా" అని మధ్యలో అడక్కండి, జవాబు చెప్పబోతేనే పొలమారేది. నిద్రమత్తులో ఉంటే ఆ పూట ఆలస్యమైనా ఫర్వాలేదు. చివర్లో నోరు తెరిపించి చచ్చుబడిన వైపు బుగ్గలో చూడండి, పుక్కిట ఉండిపోతుంది. రోజూ రెండుసార్లు పళ్ళు తోమించడం తిండి అంత ముఖ్యం, నోట్లో మురికి ఊపిరితిత్తుల్లోకి వెళ్తేనే నిమ్ము చేసేది. మాత్రలు పొడి చేసే ముందు మందుల షాపులో అడగండి, కొన్ని చితక్కొట్టకూడదు.

పప్పు, కూర, పెరుగు అన్నీ ఒకే గిన్నెలో కలిపేయకండి, వేరువేరు గిన్నెల్లో రంగులు కనపడేలా పెట్టండి. నంజుకోడానికి ఊరగాయ ఊట చుక్క, అంతే, ముక్క కాదు.

పొలమారితే మనవాళ్ళు నడినెత్తిన తట్టి ఎవరో తలుచుకుంటున్నారంటారు, నీళ్ళ గ్లాసు అందిస్తారు. ఇక్కడ ఆ రెండూ వద్దు. గట్టిగా దగ్గుతుంటే ముందుకి వంచి దగ్గనివ్వండి. గొంతు పెగలకుండా, ఊపిరి ఆడకుండా ఉంటే ముందుకి వంచి రెండు రెక్కల మధ్య అరచేతి మడమతో ఐదు సార్లు గట్టిగా చరచండి, పోకపోతే వెనక నిలబడి బొడ్డుకి పైన పిడికిలి పెట్టి లోపలికి, పైకి ఐదు సార్లు నొక్కండి, ఇవి మార్చి మార్చి చేస్తుండగా ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. తిన్నాక గొంతులో గురగుర, మాట తడిగా వినిపించడం, సాయంత్రం పూట జ్వరం కనపడితే ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

చివరగా చుట్టాలు. మన మర్యాదలు తెలిసినవేగా, చూడటానికొచ్చి ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం కాజా, అరటిపళ్ళ అత్తం తెస్తారు, "ఒక్క ముక్క తింటే ఏమవుతుంది పిన్నిగారూ" అని నోట్లో పెట్టేస్తారు. పూతరేకు పొడిగా అంగిలికి అంటుకుంటుంది, కాజా కరకరలాడే పొరల్లోంచి పాకం ఊరుతుంది, రెండూ వద్దు. అరటిపండు పనికొస్తుంది, పాలతో బాగా మెదిపితే. మొహమాటం లేకుండా గుమ్మం దగ్గరే చెప్పేయండి. తీపి పెట్టాలనిపిస్తే దోరగా వేయించిన మినప సున్ని పాలల్లో ఉడికించి, బెల్లం పాకం వడకట్టి పోసి, నెయ్యి వేసి జారుగా చేయండి. సున్నుండ రుచి అంతా అందులో ఉంటుంది. పెళ్ళిళ్ళకి వెళ్ళినా ఇదే ఒక డబ్బాలో పట్టుకెళ్ళండి, అక్కడ బంతిలో ముద్దపప్పు, నెయ్యి అడిగి, వాటిని వడకట్టిన గుమ్మడికాయ పులుసుతో జారుగా కలిపితే నలుగురితో పాటు కూర్చుని భోంచేయొచ్చు, టీ జల్లెడ ఒకటి మీ బ్యాగులో ఉంటే చాలు.